చిక్కదనానికి పాలే కావాలా?

ఇంట్లో ఒక్కరికి పాలు పడకపోయినా, వంట చేసేవాళ్ల ఆలోచన ముందుగా మానేయాల్సిన వాటి మీదికే పోతుంది. పాయసం మానాలి, హోటల్ సూపు మానాలి, మీగడ వేసిన ప్రతిదీ మానాలి. ఈ జాబితా తప్పు కాదు గాని, దాన్నే పట్టుకుని కూర్చుంటే ఇంటి వంట రోజురోజుకీ చప్పబడుతుంది, తినేవాళ్లకు తాము రోగులమన్న భావం బలపడుతుంది. ఈ అధ్యాయం వేరే ప్రశ్నతో మొదలవుతుంది: ఆ వంటలో పాలు ఏ పని చేస్తున్నాయి? పని ఏమిటో తెలిస్తే అదే పని చేయగల సరుకు చాలాసార్లు పెరట్లోనో పోపుల డబ్బా పక్కనో దొరుకుతుంది. దీన్ని నిరూపించడానికి కావాలనే కాస్త మొండి ఉదాహరణ తీసుకుంటున్నాను. సాసేజ్, కూరగాయలు వేసి, అన్నం లేకపోయినా కడుపు నిండేంత చిక్కగా కాచే సూపు అది. పాశ్చాత్య దేశాల ఇళ్లలో దీనికి మీగడో, వెన్నలో వేయించిన మైదాయో, చీజో తరచుగా తోడవుతుంది. అవేవీ లేకుండా, రుచి తగ్గకుండా దీన్ని కాచవచ్చు. బాంబూఫ్లాట్ లాంటి ఊళ్లో అయితే అలా కాచడమే లెక్కకు సరిపోయే పని.

బాంబూఫ్లాట్ పేరు ఎందుకు తెస్తున్నానంటే, సరుకు లోటు గురించి మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు తెలుగువాళ్లున్న ఊళ్లలో అరుదు. పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) రేవుకు అవతలి ఒడ్డున ఉంది ఈ ఊరు. చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో దాటిపోతాం, రోడ్డున రావాలంటే మాత్రం రేవంతా చుట్టి రావాలి. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల జనంలో దాదాపు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో ఉన్నాయి. ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్, పప్పులు చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడల్లో రావాలి, ఆ ప్రయాణానికే మూడు రోజులు పడుతుంది. సముద్రం పోటెత్తి ఓడ ఆలస్యమైతే కూరగాయల ధర ఎగురుతుంది. పాలలో కూడా కొంత భాగం పొడి రూపంలో మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చేదే. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీల తర్వాత దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, పల్లపు పొలాల్లో కొన్ని ఉప్పునీటి కిందికి పోయాయి. ఇక అక్కడి పెరళ్లలో ఇప్పటికీ సులువుగా పెరిగేవి ఏమిటి? కొబ్బరి, గుమ్మడి, చిలగడదుంప, కర్రపెండలం, బొప్పాయి, మునగ, తోటకూర, బచ్చలి, స్థానికులు బర్మా ధనియా అనే పొడవాటి రంపపు ఆకు. ఈ జాబితాను ఒకసారి సూపు కళ్లతో చూడండి. మీగడ తప్ప అన్నీ ఉన్నాయి, మీగడ పని చేయగల కొబ్బరి కూడా ఉంది. ఇవే దీవుల్లో నికోబారీలు కొబ్బరి, మొగలి జాతి చెట్టు పండైన పాండనస్, చేప, పంది మాంసాల మీద తరతరాలుగా బతికారు. వాళ్ల సంప్రదాయ భోజనంలో పాడికి చోటే లేదు. పాలు లేని భోజనం అంటే కొరత భోజనమని అనుకునేవాళ్లకు ఇంతకంటే దగ్గరి జవాబు లేదు.

పాలు పడకపోవడాన్ని కొందరు పట్టణాల ఫ్యాషన్ అంటారు. మన దక్షిణాదివాళ్లు మాత్రం ఆ మాట అనకూడదు. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ పసితనంలో పుష్కలంగా ఉండి, చాలామందిలో పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. 1981లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనం ఢిల్లీవాళ్లను, తిరువనంతపురం, పుదుచ్చేరివాళ్లను పరీక్షించి పోల్చింది. ఉత్తరాదివాళ్లలో సుమారు 27 శాతం మందికి ఈ ఎంజైమ్ లోపం కనిపిస్తే, దక్షిణాదివాళ్లలో అది 66 శాతం దాటింది. అంటే మన వైపు పెద్దల్లో పాలు పూర్తిగా అరగనివాళ్లే ఎక్కువ కావచ్చు. పెరుగు చాలామందికి పడుతుంది, ఎందుకంటే తోడులోని బాక్టీరియా ముందే లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది. కాని పాల ఎలర్జీ పూర్తిగా వేరే సంగతి. అక్కడ ఇబ్బంది పెట్టేది చక్కెర కాదు, కేసీన్ వంటి మాంసకృత్తులు. లాక్టోజ్ పడనివాళ్లు చెంచా నెయ్యి వేసుకున్నా సాధారణంగా ఏమీ కాదు. ఎలర్జీ ఉన్నవాళ్లకు ఆ చెంచా కూడా ప్రమాదమే. ఇంట్లో ఉన్నది రెండింటిలో ఏదో డాక్టరుతో తేల్చుకున్నాకే వంటలో సడలింపుల గురించి ఆలోచించాలి. ఈ అధ్యాయంలోని సూపులో నెయ్యి కూడా లేదు కనుక అది ఇద్దరికీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సూపులో మీగడ మూడు పనులు చేస్తుంది. నీళ్లను చిక్కబరుస్తుంది, కొవ్వుతో నాలుకకు నునుపు తెస్తుంది, టమాటా పులుపునూ మిరియాల ఘాటునూ కాస్త తగ్గిస్తుంది. మొదటి పనికి పాల అవసరం ఎంతమాత్రం లేదు. దుంపలోనో బియ్యంలోనో ఉన్న పిండిపదార్థం వేడినీటిలో 60 నుంచి 75 డిగ్రీల మధ్య నీరు పీల్చి ఉబ్బి, ద్రవాన్ని చిక్కబరుస్తుంది. గంజి చిక్కదనమంతా అదే. పప్పు ఉడికి చిదిగినప్పుడు పిండిపదార్థంతో పాటు మాంసకృత్తులు, పీచు కూడా నీళ్లలో కలుస్తాయి కనుక ఆ చిక్కదనం ఇంకాస్త నిండుగా ఉంటుంది. మన వంటలో పప్పుకట్టు ఉంది, గంటలకొద్దీ మరిగించి దించే ఉలవచారు ఉంది. పెళ్లి భోజనాల్లో ఉలవచారు మీద మీగడ వేస్తారు నిజమే, కాని అది చారు చిక్కబడ్డాక పైన వేసే సింగారం. దాన్ని తీసేసినా ఉలవచారు ఉలవచారే. రెండో పనిని కొబ్బరిపాలు చేస్తాయి, సాసేజ్ నుంచి కరిగిన కొవ్వు చేస్తుంది. మూడో పనికి గుమ్మడి, చిలగడదుంపల తీపి చాలు. ఇంత తేలిగ్గా విడదీయగలిగిన పనికి ఒక్క సరుకే దిక్కని నమ్మడం అలవాటు వల్ల వచ్చిందే.

సాసేజ్ దగ్గరే అసలు చిక్కు. పాలు మానినవాళ్లు సూపులో మీగడ ఉందా అని అడుగుతారు గాని సాసేజ్‌లో పాలున్నాయా అని అడగరు. కంపెనీలు చేసే సాసేజ్‌లలో ముక్క విడిపోకుండా పట్టి ఉంచడానికి, నీరు నిలుపుకోవడానికి పాలపొడి, కేసినేట్, వే పొడి కలపడం మామూలే. మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పాల పదార్థాలు ఉంటే ఆ మాట ప్యాకెట్ మీద ఎలర్జీ సూచనగా ముద్రించాలి. అక్షరాలు ఎంత చిన్నవైనా చదవాల్సిందే. రెండో చిక్కు గడ్డకట్టించిన సరుకుది. సాసేజ్ ప్యాకెట్ మైనస్ 18 డిగ్రీల చలిలో ఫ్యాక్టరీ నుంచి కొట్టు దాకా రావాలి. ఓడ, రేవు, ఫెర్రీ, చిన్న కొట్టులోని ఫ్రీజర్ అన్నీ దాటి వచ్చే దారిలో కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టినా పైకి తెలియదు. ప్యాకెట్ లోపల మంచు పలుకులు పేరుకుని ఉంటే, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే కొనకండి. మూడోది ఆరోగ్యం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. ఈ 18 శాతం మామూలుగా ఉండే ముప్పు మీద పెరుగుదల, నూటికి పద్దెనిమిది మందికి జబ్బు వస్తుందని అర్థం కాదు. భయపడి పారిపోవాల్సినంత లేదు, రోజూ తినేంత నిర్లక్ష్యమూ పనికిరాదు.

ఇంత చెప్పాక సాసేజ్ పేరే ఎత్తకూడదు కదా అని ఎవరైనా అడగవచ్చు. జవాబు మళ్లీ పని దగ్గరే ఉంది. సూపులో సాసేజ్ చేసేది ఏమిటి? ఉప్పు, కొవ్వు, మసాలా కలిసిన గట్టి ముక్కగా ఉండి, ప్రతి గరిటెకూ కాస్త మాంసపు రుచి ఇవ్వడం. ఆ పనికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, పేగు తొడుగు అక్కర్లేదు, ఐ.ఎన్.ఎస్. 250 అనే నైట్రైట్ అంతకన్నా అక్కర్లేదు. కైమాకు తగినంత ఉప్పు వేసి పిసికితే మాంసంలోని కొన్ని మాంసకృత్తులు ఉప్పుకు కరిగి జిగురుగా మారతాయి. పాలపొడి, గుడ్డు, రొట్టెపొడి ఇవన్నీ చేయాల్సిన పనిని ఆ జిగురే చేస్తుంది. సాసేజ్ రహస్యమంతా ఈ ఒక్క సంగతిలో ఉంది. ఇలా అదే రోజు చేసుకుని అదే రోజు వండుకునేది నిలవ మాంసం కాదు, తాజా మాంసపు వంట.

నలుగురైదుగురికి 400 గ్రాముల కైమా సరిపోతుంది. చికెన్ అయితే తొడ మాంసం కొంచెం చర్మంతో సహా కొట్టించండి, రొమ్ము మాంసం ఒక్కటే అయితే రొట్టెముక్కలా పొడిబారుతుంది. పంది మాంసం తినే ఇళ్లలో కొవ్వు నాలుగో వంతు దాకా ఉండేలా అడగండి. దీనికి ఆరు గ్రాముల ఉప్పు, అంటే తల కొట్టిన టీచెంచా. తర్వాత ఆరు వెల్లుల్లి రెబ్బలు దంచి, కచ్చాపచ్చాగా నూరిన మిరియాలు ఒక చెంచా, సోంపు అర చెంచా, కారం అర చెంచా, సన్నగా తరిగిన బర్మా ధనియా ఆకులు నాలుగైదు వేయాలి. ఆ ఆకు ఘాటు మామూలు కొత్తిమీర కంటే ఎక్కువ, చేయి జారనివ్వకండి. కైమా చల్లగా ఉన్నప్పుడే పిసకాలి. దీవుల ఉక్కలో గిన్నె బయట పెట్టి నింపాదిగా పిసికితే కొవ్వు కరిగి జారిపోతుంది, ముద్ద పట్టు తప్పుతుంది. ఐదు నిమిషాల పాటు గట్టిగా పిసికాక అరచేతికి అంటించి చేతిని బోర్లిస్తే ముద్ద కింద పడకూడదు. అదే కొలత. దాన్ని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తడి చేతులతో వేలంత లావు కడ్డీలుగా చుట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి అన్ని వైపులా ఎర్రగా కాల్చాలి.

ఈ కాల్చడాన్ని దాటేయాలనిపిస్తుంది, ఎలాగూ సూపులో ఉడుకుతాయి కదా అని. దాటేయకండి. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన వచ్చే మార్పు 140 డిగ్రీల దగ్గర ఊపందుకుంటుంది, నీళ్లున్న గిన్నె 100 డిగ్రీలు దాటదు. అంటే సూపులో ఎంతసేపు మరిగినా ఆ రుచి పుట్టదు. కాల్చిన కడ్డీలను పక్కన పెట్టి, గిన్నె అడుగున అంటుకున్న గోధుమరంగు మాడును కడిగేయకుండా అందులోనే ఉల్లిపాయ ముక్కలు వేయండి. ఉల్లి వదిలే నీటికి ఆ మాడు కరిగి వస్తుంది. పాలు లేని సూపుకు లోతు వచ్చేది ఇక్కడే. నా ఉద్దేశంలో మీగడ వేసే సూపుల్లో చాలావాటికి ఈ మెట్టు ఉండదు, ఆ లోటును మీగడ కప్పిపుచ్చుతుంది.

ఉల్లి మెత్తబడ్డాక 80 గ్రాముల కందిపప్పు గానీ ఎర్ర మసూర్ పప్పు గానీ కడిగి వేసి, లీటరుంపావు నీళ్లు పోసి ఉడికించాలి. కందిపప్పయితే ముందు కుక్కర్లో ఉడికించుకుంటే గ్యాస్ కలిసొస్తుంది. టమాటాను ఇప్పుడే వేయకూడదు, పులుపు తగిలిన పప్పు తొందరగా మెత్తబడదు. పప్పు చిదిగాక 200 గ్రాముల గుమ్మడి ముక్కలు, అంతే తూకం చిలగడదుంప, గుప్పెడు బొప్పాయి కాయ ముక్కలు లేదా మునక్కాడలు వేయాలి. చిలగడదుంప బదులు కర్రపెండలం వాడితే దాన్ని ఇందులో నేరుగా వేయవద్దు. పచ్చి పెండలంలో సయనైడ్‌ను పుట్టించే పదార్థాలుంటాయి కనుక తొక్క పూర్తిగా తీసి, ముక్కలు విడిగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు కలపాలి. ముక్క మెత్తబడ్డాక మూడో వంతు ముక్కలను గరిటె వెనకతో గిన్నె గోడకు అదిమి చిదిపేయండి. నీళ్లలా ఉన్నది రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది, మిగతా ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. మిక్సీలో వేస్తే అంతా ఒకే ముద్దయి, పసిపిల్లల ఆహారంలా తయారవుతుంది. ఇప్పుడు రెండు టమాటాలు, అంగుళం ముక్కలుగా కోసిన సాసేజ్ వేసి పది నిమిషాలు సన్నమంట మీద ఉంచాలి. ముక్క మధ్యలో గులాబీ రంగు కనిపించకూడదు. వంట థర్మామీటరు ఉంటే చికెన్ కైమాకు 74 డిగ్రీలు, పంది కైమాకు 71 డిగ్రీలు రావాలి. పంది మాంసం విషయంలో బద్దెపురుగు భయం ఉంది కనుక ఇక్కడ రాజీ లేదు. చివరగా కట్ట తోటకూర తరిగి వేసి, అది వాడగానే మంట బాగా తగ్గించి, అర కొబ్బరికాయ తురుము నుంచి తీసిన చిక్కటి పాలు పోయండి. కొబ్బరిపాలు తెర్లితే విరిగి నూనె తేలుతుంది. వేడెక్కితే చాలు. నిమ్మరసం పిండాలనుకుంటే దించాకే. ఉప్పు అన్నిటికంటే ఆఖర్న చూసుకోండి, సాసేజ్ తనలోని ఉప్పులో కొంత అప్పటికే వదిలి ఉంటుంది. ప్యాకెట్ సాసేజ్ వాడినప్పుడు ఇది మరీ ముఖ్యం, వాటిలో వంద గ్రాములకు రెండు గ్రాముల అటూ ఇటూగా ఉప్పు ఉండటం మామూలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు.

పాలు మానితే కాల్షియం ఎలాగన్నది ఎక్కువగా వినిపించే అభ్యంతరం, కొట్టిపారేయదగ్గది కూడా కాదు. ఐ.సి.ఎం.ఆర్. 2020 సిఫారసు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలి, వంద గ్రాముల ఆవుపాలలో 120 దాకా ఉంటుంది. కాని సూపులో వేసే రెండు చెంచాల మీగడ ఈ లెక్కలో ఏ మూలకూ రాదు. సూపులోంచి మీగడ తీసేస్తే కాల్షియం పోయిందనడం అందుకే సరికాదు. పాలు మొత్తంగా మానినవాళ్లు మాత్రం వేరే దారి చూసుకోవాలి. వంద గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాముల పైన, రాగుల్లో సుమారు 350, నువ్వుల్లో వెయ్యికి పైగా కాల్షియం ఉంది. ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు దీవుల్లో ఎలాగూ ఉన్నాయి. తోటకూరలోనూ అంకె పెద్దదే గాని అందులోని ఆక్సలేట్ కొంత కాల్షియాన్ని ఒంటికి అందనివ్వదు. అందుకని ఈ సూపులో తోటకూర బదులు మునగాకు వేసి, పక్కన రాగి రొట్టె పెడితే అభ్యంతరంలో సగం అక్కడికక్కడే తీరిపోతుంది.

కొబ్బరిపాలలో సంతృప్త కొవ్వు ఎక్కువ కదా అన్న మాటకు నేను ఎదురు వాదించను. నిజమే, ఎక్కువే. మీగడలోనూ ఎక్కువే. గుండె జబ్బు ఉన్నవాళ్లు, కొలెస్ట్రాల్ మందులు వాడుతున్నవాళ్లు కొబ్బరిపాలు పూర్తిగా వదిలేసి పప్పును మరో గుప్పెడు పెంచుకోవచ్చు, సాసేజ్‌ను చికెన్‌తో చర్మం లేకుండా చేసుకోవచ్చు. నునుపు తగ్గుతుంది, చిక్కదనం తగ్గదు. ఈ రెండూ వేర్వేరు పనులని ముందే విడదీసుకున్నాం కనుకే ఒకటి వదులుకుని రెండోదాన్ని నిలుపుకోగలుగుతున్నాం.

ఇక శ్రమ. కైమా పిసకడం, చుట్టడం, కాల్చడం, కొబ్బరి తురమడం అన్నీ కలిపి గంట పైనే పడుతుంది. ఉద్యోగానికి ఫెర్రీ పట్టుకుని వెళ్లి వచ్చే మనిషికి రోజూ ఇది చేయమని చెప్పడం అన్యాయం. అందుకే దీన్ని వారానికో పక్షానికో ఒకసారి చేసే వంటగా పెట్టుకోండి. సాసేజ్ రోజూ తినకూడదన్న ఆరోగ్య లెక్కకూ అది సరిపోతుంది. ఇందులో ఒక్కొక్కరికి సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు, రెండు రకాల దుంపా కాయా, ఆకుకూర అన్నీ ఒకే గిన్నెలో పడుతున్నాయి కనుక ఆ పూట వేరే కూర, పప్పు, చారు వండనక్కర్లేదు. అది కూడా కలిపి చూస్తే శ్రమ అనుకున్నంత ఎక్కువ లేదు. ఉక్కపోతల ఊళ్లో వేడి సూపు ఏమిటనేవాళ్లకు ఒక్క మాట చాలు: ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడిపే నేల అది.

ఆ తేమకు, వేడికి మిగిలిన సూపు మీద ఓ కన్ను వేసి ఉంచాలి. పప్పు, మాంసం, కొబ్బరిపాలు మూడూ ఉన్న గిన్నె రాత్రంతా బయట ఉంటే తెల్లారేసరికి పాడవుతుంది. మళ్లీ మరగబెట్టినంత మాత్రాన బాక్టీరియా వదిలిన విషాలన్నీ పోవు. దించిన రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెల్లోకి పలచగా పోసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినేటప్పుడు పొగలు కక్కేదాకా, అంటే 70 డిగ్రీలు దాటేదాకా వేడి చేయండి. మిగులుతుందని ముందే తెలిస్తే కొబ్బరిపాలు కలపకముందే ఆ వాటా తీసి పక్కన పెట్టుకోండి, తినే పూట తాజాగా తీసిన పాలు కలుపుకోవచ్చు. రాత్రి కరెంటు చాలాసేపు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గిపోతే ఆ సూపును రుచి చూసి తేల్చుకునే ప్రయత్నం చేయకుండా పారబోయండి.